మన ఆఫీసు దేనిలా ఉంటుంది?

సర్ ఫోన్లో ఉన్నారు, కూర్చోండి మేడమ్ అని సెక్రటరీ చూపించిన కుర్చీ ఇంత పల్లంగా ఉంటుందని నాకు ఇన్నేళ్ళుగా తెలియదు, మనుషుల్ని పిలిచి ఇందులో కూర్చోబెట్టడమే తప్ప నేనెప్పుడూ కూర్చోలేదు, సిబ్బంది విభాగంలో పని అంటే సగం అదే కదా, పిలవడం, కూర్చోమనడం, మంచినీళ్ళివ్వడం. మోకాళ్ళు పైకి లేచి, ఒళ్ళో పెట్టుకున్న ఫైలు నా మీదకే జారుతోంది. గీతల అద్దం తలుపు వెనక డైరెక్టరుగారి నీడ అటూ ఇటూ తిరుగుతోంది, కుర్రాడు, ఫోన్లో మాట్లాడుతూ కూర్చోలేడు, నవ్వు కూడా నడుస్తూనే నవ్వుతాడు. నన్నడగబోయేది ఒక్కటే ప్రశ్న. నిన్న సాయంత్రం సెక్రటరీ చేత కబురు పంపించారు, నివేదిక బాగుంది, ఎవరు ఏమన్నారో పేర్లు కూడా వేసుకుని రమ్మనండి అని. పేర్లు ఫైల్లో లేవు. ఎక్కడా రాసుకోలేదు. నా చెవుల్లో ఉన్నాయి, ఒక్కో మాట ఒక్కో గొంతుతో, కళ్ళు మూసుకుంటే దగ్గుతో సహా వినిపిస్తాయి.

మా కంపెనీ లిఫ్టులు బిగిస్తుంది, బాగుచేస్తుంది. మధ్యలో ఇరుక్కుపోయినవాళ్ళు లోపల ఎర్ర బటన్ నొక్కితే మా వాళ్ళకే ఫోనొస్తుంది. పాత యజమాని అమ్మేసి వెళ్ళిపోయాక వచ్చిన ఈ డైరెక్టరు మొదటిరోజే అందరినీ నిలబెట్టి మనమంతా ఒక కుటుంబం అన్నాడు, తర్వాత నన్ను పిలిచి, ఆ భావన కింద దాకా ఉందో లేదో కనుక్కోవాలి మేడమ్ అన్నాడు. సూటిగా అడిగితే ఎవరూ నిజం చెప్పరట, దేనిలా ఉందో పోలిక చెప్పమనాలట, పోలికలో మనసు బయటపడుతుందట. నాకు లోపల నవ్వొచ్చింది. ఈ పోలికల పిచ్చి మా ఇంట్లో ఒకాయనకు ఉండేది, ఆయనైతే ఈ పనికి జీతం కూడా అడక్కుండా చేసేవారు. సరే సర్ అన్నాను. స్టోరు పక్కన ఖాళీ గదిలో రెండు కుర్చీలు వేయించుకుని, ఫ్యాను వేస్తే కాగితాలెగురుతాయి, ఆపేస్తే చెమటలు, అట్లా కూర్చుని ఒక్కొక్కరినే పిలిచి అడిగాను, మన ఆఫీసు దేనిలా ఉంటుంది? మీరు చెప్పింది ఈ గది దాటుతుంది గాని మీ పేరు దాటదు అని ముందే మాటిచ్చాను. మొదట వచ్చినవాళ్ళందరూ కుటుంబం అన్నారు. కుటుంబం మేడమ్, కుటుంబమే. ఆ మాట అంటున్నప్పుడు నా మొహం కాకుండా తలుపు చూసేవాళ్ళు. అకౌంట్స్‌లో ఉండే అమ్మాయి కూడా అదే అప్పజెప్పి, లేచి, గడప దాకా వెళ్ళి, ఏమనుకుందో వెనక్కి తిరిగి, కుటుంబమే గాని మేడమ్, మా అత్తయ్య వాళ్ళిల్లు లాంటిది, చదువుకునేటప్పుడు అక్కడే ఉన్నాను, బాగానే చూసేవాళ్ళు, తిండి పెట్టేవాళ్ళు, కాకపోతే ఫ్రిజ్ తెరవాలంటే అడగాలి, అంది. అని గబుక్కున వెళ్ళిపోయింది. నాకు ఆ పిల్ల ఆ ఫ్రిజ్ ముందు నిలబడి కనిపించింది, చేయి సగం చాపి, వెనక గదిలో ఎవరైనా ఉన్నారేమోనని వింటూ.

ఆ తర్వాత ఎట్లా పాకిందో పాకింది, ఈమెతో మాట్లాడొచ్చు అని. మనుషులు పోలికలు ఆలోచించుకుని మరీ వచ్చేవాళ్ళు. స్టోరు చూసుకునే పెద్దాయన్ని అందరం బాబాయ్ అంటాం, ఆయనొచ్చి, మీ డైరెక్టరు ఓడ ఓడ అంటుంటాడుగా, అందరం ఒకే ఓడలో ఉన్నామని, ఓడే, కాదనను, మేం కింది గదిలో ఉంటాం, కిటికీ ఉండదు, ఎటు పోతోందో కుదుపును బట్టి అనుకోవడమే అన్నాడు. సైట్లు తిరిగే సూపర్‌వైజరు యుద్ధమండీ అన్నాడు, రోజూ యుద్ధమే, ఎవరితోనో మాత్రం తెలియదు. ఇరుక్కున్నవాళ్ళ ఫోన్లు ఎత్తే అమ్మాయిని హలో అంటారు అందరూ, ఆ పేరు పెట్టింది మా ఆయనే, నా నోట్లోంచి ఒకరోజు జారి ఆఫీసంతా అయింది, ఆమె చాలాసేపు గోళ్ళు చూసుకుని, లిఫ్టే మేడమ్, ఇంకేముంటుంది, అంతా భుజాలు తగిలేటంత దగ్గరగా నిలబడతాం, అందరం తలుపునే చూస్తాం, పక్కవాళ్ళ మొహం చూడం, అంది. ఇరుక్కుంటేనే మాట్లాడుకుంటారు, నాకు తెలుసు, రోజూ వింటాను, తలుపు తెరుచుకోగానే మళ్ళీ ఎవరి దారిన వాళ్ళు, అంది. ఆ గదిలో నాకు ఎప్పుడు మధ్యాహ్నమైందో తెలిసేది కాదు. ఇంటికి వెళ్ళేటప్పుడు బస్సులో ఆ గొంతులన్నీ నాతోనే ఎక్కేవి. తాళం తీసి లోపలికి వెళ్ళి దీపం వేశాక కూడా కాసేపు ఉండేవి, చెప్పులు విప్పే దాకా, మొహం కడుక్కునే దాకా, ఆ తర్వాత చెప్పడానికి నోరు తెరిచేసరికి వంటింట్లో ఎవరూ ఉండేవారు కాదు.

ఆయన ఉన్నప్పుడు అంతే కదా, చెప్పులు విప్పకముందే ఏంటీ కబుర్లు అని మొదలు. రైల్వే పార్సిళ్ళ ఆఫీసులో పని ఆయనకి, పొద్దున షిఫ్టు, నేను వచ్చేసరికి వంట మొదలుపెట్టి ఉల్లిపాయలు తరుగుతూ కళ్ళు తుడుచుకుంటూ నా ఆఫీసు కోసం కాచుకుని ఉండేవారు. నా ఆఫీసులో ఎవరినీ చూడకుండానే అందరినీ ఎరుగుదురు, మేమిద్దరం పెట్టుకున్న పేర్లతో. పొడుగాయన సెలవు పెట్టాడా, కూతురికి జ్వరం తగ్గిందట గదా మళ్ళీ ఏమైంది. హలోకి పెళ్ళి కుదిరిందా, అవతలి పిల్లాడు ఫోన్లో ఎక్కువసేపు మాట్లాడతాడా లేదా అది కనుక్కో. ఒకసారి బజార్లో పొడుగాయన ఎదురైతే చూపించాను, ఇదిగో ఈయనే అని, ఇంటికొచ్చే దాకా ఆగి, నువ్వు చెప్పినంత పొడుగేం లేడే అన్నారు, ఎంతో మోసపోయినట్టు. ఆఫీసులో జరిగింది ఇంట్లో చెప్తేనే నాకు జరిగినట్టు ఉండేది. ఆయన పోయాక ఏదీ పూర్తిగా జరగడం మానేసింది. పనులవుతాయి, ఫైళ్ళు కదులుతాయి, మనుషులు వస్తారు పోతారు, ఏదీ నిలవదు, నీళ్ళ మీద నడిచినట్టే. అక్క ఆదివారాలు ఫోన్ చేస్తుంది, తిన్నావా అంటుంది, తిన్నాను అంటాను, మోకాళ్ళ నొప్పులు చెప్తుంది, వింటాను, ఆఫీసెలా ఉంది అంటుంది, బాగానే ఉంది అంటాను. అంతకంటే అక్కకి ఏం చెప్పను, పొడుగాయన ఎవరో మొదట్నుంచి చెప్పుకుంటూ రావాలి. ఆయన పోయినరోజు ఆఫీసు వాళ్ళు కంపెనీ వ్యానులో వచ్చారు, అందరూ, గోడ వెంబడి వరసగా నిలబడ్డారు, పూలచక్రం మీద కంపెనీ పేరు ఆయన పేరు కంటే పెద్దక్షరాల్లో ఉంది. పాపం ఎవరో హడావిడిలో అలా రాయించారు. నాకు ఆయనకి చెప్పాలనిపించింది, చూశారా ఎంత పెద్ద అక్షరాలో అని.

టీ తాగుతారా మేడమ్ అని సెక్రటరీ అడుగుతోంది, వద్దమ్మా అన్నాను. లోపల నీడ ఆగింది, కూర్చున్నట్టుంది, మళ్ళీ లేచింది. ఆమె కీబోర్డు మీద వేళ్ళు ఆగి ఆగి నడుస్తున్నాయి. ఈ అమ్మాయిని కూడా అడిగాను కదా, ఏమందీ, నేను చెప్పకూడదు మేడమ్ అంది, అదే ఆమె పోలికని నేను తర్వాత అనుకున్నాను, ఆఫీసంటే చెప్పకూడని చోటు.

పొడుగాయన వచ్చింది చివర్లో. మెకానిక్కుల్లో అందరికంటే పాతవాడు, తలుపు దగ్గర అలవాటుగా తల వంచాడు, అక్కర్లేకపోయినా. కుర్చీలో కూర్చుని చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, నూనె మరకలు కనపడకుండా అరచేతులు కిందికి తిప్పుకుని, మేం పాత ఇంట్లో అద్దెకున్నవాళ్ళం మేడమ్, అన్నాడు. ఓనరు ఇల్లమ్మేశాడు, మాకు చెప్పలేదు. కొత్తాయన వచ్చి నమస్కారం పెట్టాడు, బాగున్నారా అన్నాడు, మంచోడే. మాట్లాడుతూనే గోడలు కొలుస్తున్నాడు. అంత మెల్లగా అన్నాడు, కోపం లేదు, ఫిర్యాదు లేదు, వాన వచ్చేలా ఉంది అన్నట్టు అన్నాడు. అది నివేదికలో రాశాను. రాయకుండా ఉండాల్సిందా, అడిగిన ఈ గదికి కాక ఇంకెక్కడికి తీసుకెళ్ళను ఆ మాటని, రాసేటప్పుడు మంచి మాట రాస్తున్నానన్న సంతోషమే ఉంది. కాని అప్పటికే ఆయన ఇంకెవరితోనో అని ఉండాలి, వాళ్ళు ఇంకెవరితోనో, ఇప్పుడు మెట్ల మీద, వ్యానులో, చేతులు కడుక్కునే చోట ఎక్కడ విన్నా అదే. ఏంటి కొత్తగా మీటింగా, ఏముంది గోడలు కొలుస్తున్నారు. ఎందుకు ఫోటోలు తీస్తున్నారు, కొలతలకి. కాగితం మీదా పడింది, డైరెక్టరుగారి చెవినీ పడింది, ఎవరు మొదలుపెట్టారు అన్నది ఆయనకి కావాలి.

ఈ మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర నేను డబ్బా పట్టుకుని వెళ్ళేసరికి మాటలాగిపోయాయి. పేర్లు అడుగుతున్నారన్న సంగతి నాకంటే ముందే వాళ్ళకి చేరింది. చోటిచ్చారు, మర్యాదగా జరిగారు, హలో నీళ్ళ సీసా ఇటు తోసింది. క్షణం కిందటి దాకా ఆ బల్ల మీద ఒకరి కూర ఒకరికి వేసుకుంటూ నవ్వుకుంటున్న గొంతులు మెట్ల మీద నాకు వినపడ్డాయి. పొడుగాయన తలెత్తలేదు. ఆయన మెతుకులు లెక్కపెట్టుకుంటున్నట్టు తిన్నాడు, లేచాడు, డబ్బా కడుక్కున్నాడు, నా పక్కనుంచే వెళ్ళాడు. ఆ గదిలో ఆ కుర్చీలో అంతసేపు కూర్చున్న మనిషే. నేను అప్పటికి ఏమీ చెప్పలేదు, ఇంకా ఏమీ చెప్పలేదు, అని లేచి నిలబడి చెప్పొచ్చు, ఇంకా అన్న మాట దగ్గర ఆగిపోతారు అందరూ. నిజమే కదా, ఇంకా. చెప్పనని నాకు మాత్రం గట్టిగా తెలుసా. ఇక్కడ కూర్చున్నాక తెలుస్తోంది, ఎన్ని దారులున్నాయో. మొన్న మానేసి వెళ్ళిపోయిన కుర్రాడి పేరు చెప్పొచ్చు, వాడికి పోయేదేమీ లేదు. గుర్తు లేదు అనొచ్చు, ఈ వయసులో నమ్ముతారు. చెప్పేస్తే ఏమవుతుంది, ఈ ఉద్యోగముంటుంది. ఉద్యోగం పోతే తిండికి ఇబ్బందేం లేదు, ఆయన పింఛనుంది, అది కాదు. పొద్దున్నే లేచి తల దువ్వుకోవడానికి ఒక కారణం ఉండాలి. పదిమంది గుడ్‌మార్నింగ్ మేడమ్ అంటే వాళ్ళలో ఎనిమిదిమంది అలవాటు కొద్దీ అన్నా, ఆ గొంతులు చెవిలో పడాలి. అది కూడా లేని రోజు ఎలా ఉంటుందో ఆదివారాలు నాకు చూపిస్తూనే ఉన్నాయి, మధ్యాహ్నం మూడింటికి, బట్టలు మడత పెట్టడం కూడా అయిపోయాక.

రండి మేడమ్, రండి, చాలాసేపు కూర్చోబెట్టేశాను అని ఆయనే తలుపు తీశాడు. లోపల చల్లగా ఉంది. నా ఫైలు నకలు బల్ల మీద తెరిచి ఉంది, పసుపు గీతలు గీసి ఉన్నాయి, మంచి విద్యార్థి చదువుకున్నట్టు. చాలా బాగా చేశారు, ఇంత బాగా వస్తుందనుకోలేదు, అత్తయ్య ఇల్లు చదివి మా ఆవిడకి కూడా చెప్పాను అన్నాడు. నిజంగానే అన్నాడు. ఆ ఒక్క క్షణం నాకు ఆయన ఇంటి వంటిల్లు కనపడింది, అక్కడ ఎవరో ఏంటీ కబుర్లు అని అడిగినట్టు, ఈయన చెప్పినట్టు. తర్వాత ఒకటే లోటు మేడమ్ అన్నాడు.

"పేరు చెప్పనని మాటిచ్చి అడిగాను సర్."

"మాట మీరిచ్చారు. కంపెనీ ఇవ్వలేదు కదా."

గట్టిగా కూడా అనలేదు, లెక్క సరిచేసినట్టు అన్నాడు. ఎవరినీ తీసేయడానికి కాదన్నాడు. ఈ గోడల మాట ఎవరన్నారో తెలిస్తే పిలిచి కూర్చోబెట్టి మాట్లాడతానన్నాడు, అపోహలుంటే పోగొడతానన్నాడు. బయటి ఆ పల్లపు కుర్చీలో పొడుగాయన ఎలా కూర్చుంటాడు, మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. ఆలోచించుకున్న దారులేవీ గుర్తు రాలేదు. మాట్లాడాలంటే అందరితోనూ మాట్లాడండి సర్, ఇప్పుడది అందరి మాటే అన్నాను. మీరు కూడా అన్నారా అని అడిగాడు, నవ్వుతూనే. అన్నాను సర్, బస్సులో, నాలో నేను, అన్నాను. నవ్వాగింది. పసుపు పెన్ను మూత పెట్టాడు, తీశాడు, పెట్టాడు.

"మీరు వాళ్ళకి బాగా దగ్గరైపోయారు మేడమ్. అదే వచ్చిన చిక్కు."

మధ్యాహ్నపు బల్ల గుర్తొచ్చి నాకు నవ్వు రాబోయింది, ఏడుపే అయి ఉంటుంది. అవును సర్ అన్నాను. సరే, మీ ఇష్టం అన్నాడు, మర్యాదలో ఏమీ తగ్గలేదు. వచ్చే వారం బయటినుంచి వేరే సంస్థ వాళ్ళొచ్చి అందరినీ మళ్ళీ అడుగుతారట, పద్ధతిగా, రికార్డు చేసుకుంటారట. నేను సోమవారం నుంచి కింద పాత ఫైళ్ళ గది చూసుకోవాలట, అక్కడ చాలా పని పెండింగ్ ఉందట, నాలాంటి అనుభవమున్నవాళ్ళు కావాలట. ఆ గదిలోకి ఎవరూ రారు. థాంక్యూ సర్ అన్నాను, ఎందుకన్నానో, అలవాటు.

మెట్లు దిగుతుంటే కాళ్ళు తేలిగ్గా ఉన్నాయి, అది ధైర్యమనుకోను, భయపడే పని అయిపోతే వచ్చే తేలిక. నేను చెప్పలేదని ఎవరికీ తెలియదు. తెలియజేసే దారి కూడా లేదు. పేర్లు కనిపెట్టి ఎవరినైనా పిలిస్తే నా వల్లే అనుకుంటారు, పిలవకపోతే వాళ్ళ అదృష్టమనుకుంటారు, నన్ను కింది గదికి పంపినందుకు ఎవరైనా జాలిపడితే జాలిపడతారు, లేదా వేరే గది ఇచ్చారట, చూశావా అనుకుంటారు. ఇంటికి వెళ్ళి ఇది ఎవరికి చెప్పాలి. గొళ్ళెం, గోడ, దీపం. ఆయనుంటే తరుగుతున్న కత్తి ఆపి, మాట నువ్విచ్చావు కంపెనీ ఇవ్వలేదా, ఆ అబ్బాయి భలేవాడే అనేవారు, నవ్వుతూ నవ్వుతూ నా భుజం మీద చెయ్యి వేసేవారు, తడి చెయ్యి, ఉల్లిపాయ వాసన. మెట్ల మలుపులో ఆగి కాసేపు కమ్మీ పట్టుకోవాల్సి వచ్చింది.

సాయంత్రం టీ వేళ. ఎక్కడివాళ్ళు అక్కడినుంచి వచ్చి బల్ల చుట్టూ చేరారు, పొడుగాయన, హలో, స్టోరు బాబాయ్, అకౌంట్స్ అమ్మాయి, ఇంకొందరు. నన్ను చూసి ఆగిపోయారు. నేను నా గ్లాసు నింపుకుని అంచున కాకుండా నడిమి కుర్చీ లాక్కుని కూర్చున్నాను. వచ్చే వారం బయటివాళ్ళు వస్తారు, ఇవే ప్రశ్నలు అడుగుతారు, పేర్లు రాసుకుంటారు, రికార్డు చేస్తారు, ఏం చెప్పాలో చూసుకుని చెప్పండి అన్నాను. టీ మీద మీగడ కడుతోంది. అప్పుడు హలో, ఫోన్లో ఇరుక్కున్నవాళ్ళతో మాట్లాడే ఆ నిదానమైన గొంతుతోనే అడిగింది.

"మీరు మా పేర్లు చెప్పలేదని మాకెలా తెలుస్తుంది మేడమ్?"

"తెలియదు."

చెప్పొద్దనుకుంటూనే నా పోలికా చెప్పాను. మీ అందరి మాటలూ నా దగ్గరున్నాయి, నాదొకటి మీ దగ్గర ఉంచుకోండి, నన్నెవరూ అడగలేదు, అయినా చెప్తాను అన్నాను. నాకు మన ఆఫీసు పక్కింట్లో మోగే టీవీ లాంటిది అన్నాను. గోడకవతల ఎప్పుడూ మోగుతూ ఉంటుంది. నవ్వులు వినపడతాయి, మాటలు అర్థం కావు, ఎవరు ఎవరో తెలియదు. ఆగిపోతే మాత్రం నాకు నిద్ర పట్టదు. అంతే అన్నాను. గ్లాసు పట్టుకున్నాను, వేడిగా ఉంది, వదల్లేదు. బాబాయ్ కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. అకౌంట్స్ అమ్మాయి బల్ల మీద వేలితో నీటి గీత గీస్తోంది. పొడుగాయన చాలాసేపటికి తలెత్తి నన్ను చూశాడు, ఆ గదిలో చూసినట్టే.

"మేమేదో లోపల కూర్చుని చూస్తున్నామనుకుంటున్నారా మేడమ్," అన్నాడు. "మాకూ గోడకవతల నుంచే వినపడుతుంది."